క్లౌ దొరగారి గొలుసు

పడమటి ప్రకాశమున తన తాతముత్తాతల జాడ వెదకబూనినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినది తన వంశమును గూర్చి కాదు, తన తాలూకాను గూర్చి. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమలు 1800వ సంవత్సరమున నిజాము చేతినుండి దత్తమండలములతో పాటు కుంఫిణీవారి చేతికి వచ్చి, కడప జిల్లాలో ఏబదియేండ్లకు పైగా ఉండి, 1858లో కర్నూలు జిల్లాకు మారి, అచ్చట నూరేండ్లకు పైబడి నిలిచి, తుదకు 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసినవి; రెండేండ్లకు ఆ జిల్లాకే ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. కావున మార్కాపురపు రైతు ఇంటి కాగితము 1850 నాటిదైనచో కడప లెక్కలోను, 1880 నాటిదైనచో కర్నూలు లెక్కలోను వెదకవలెను. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనివి; వానిలో పొదిలి, దర్శి వెంకటగిరి రాజాగారి జమీను. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు, కచ్చేరి మాత్రము కదలుచు వచ్చెను.

ఐనను వెదకుటకు కాగితమున్నవాడు అదృష్టవంతుడే. అగ్రహారమో, శ్రోత్రియమో, దేవాలయపు మాన్యమో అనుభవించిన కుటుంబముల పేర్లు, ఇనాముల విచారణకై 1858 అనంతరము పని చేసిన కమీషను దాఖలాలలో, దానమిచ్చిన ప్రభువు పేరు, పుచ్చుకొన్నవాని పేరు, నాటి అనుభవదారుని పేరు, వయస్సుతో సహా దొరకును. మెకంజీ దొర పనుపున కావలి సోదరులు మొదలైనవారు సేకరింపించిన కైఫీయతులలో గ్రామ కరణముల, రెడ్ల ప్రస్తావనలు కనబడును. బ్రాహ్మణుడు తద్దినము పెట్టిన ప్రతి పర్యాయమును మూడు తరముల పేర్లు నోట పలుకును. గయకో కాశికో పోయివచ్చిన యింటివాడైనచో ఆతని చేవ్రాలు పండాగారి పుస్తకమున భద్రముగా నుండును. రెడ్లకును గొల్లలకును పిచ్చకుంట్లవారు గోత్రములు పాడుదురు. మాదిగలకు డక్కలివారు పటము విప్పి జాంబపురాణము చెప్పుదురు. వారు జాంబవంతునివరకు త్రోవ చూపుదురు గాని, పాపము, ముత్తాతవరకు చూపలేరు.

పొలము లేనివాడు, వెట్టి చేసినవాడు, తోలు ఊనవేసి చెప్పులు కుట్టి, కపిలబానకు తొండము కుట్టి, జాతరలో డప్పు కొట్టి కడుపు పోసికొన్నవాడు ఏ రిజిస్టరున నుండును? పట్టా లేదు గనుక సెటిల్మెంటు పుస్తకమున నుండడు. ఇనాము లేదు గనుక ఇనాము కమీషనువారికి అక్కరలేదు. 1871 మొదలు జనాభా లెక్కలు వ్రాసిరి గాని, మనకు మిగిలినవి అంకెలే, పేర్లు కావు. ఇట్టి కుటుంబములలో అనేకములకు తమ పూర్వికుని పేరు మొదటిసారి సిరాతో వ్రాయబడినది అమెరికను బాప్టిస్టు మిషను వారి బాప్తిస్మపు రిజిస్టరులోనే. ఆ రిజిస్టరును తెరచినవాడు, అమెరికా మధ్యపశ్చిమ మైదానములలో భూమి కొలుచుచు పెరిగిన ఒక సర్వేయరు. మన యూరి వంశావళి వెదకుచు పోయినవానికి ఆతని వంశావళియు చేత తగులుచున్నది.

ఆతడు జాన్ ఎవరెట్ క్లౌ. మనవారు క్లౌ దొరగారనిరి. 1836 జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొనయందలి ఫ్రూస్‌బర్గు దాపున జన్మించెను. శామ్యూల్ డే అను మిషనరీ తెలుగు దేశమున కాలు మోపినదియు ఆ సంవత్సరమే. ఏబదియేండ్లకు, 1886లో, మిషనువారు స్వర్ణోత్సవము జరుపుకొన్న యేటనే క్లౌ దొరగారికిని ఏబది నిండెను. ఆ కాలమున తూర్పు రాష్ట్రముల రైతులు కొత్త నేలలకై పడమటికి బండ్లు కట్టుకొని పోవుచుండిరి. క్లౌ కుటుంబమును అట్లే, బాలుడు చిన్నవాడై యుండగా, ఇల్లినాయి రాష్ట్రమునందలి విన్నెబేగో మండలమునకును, అటుపిమ్మట అయోవా రాష్ట్రమున స్ట్రాబెరీ పాయింటు అను పల్లెకును తరలిపోయెను. తరలిపోయినవారి జాడ తెలియుట కష్టము కాదా యని మనవారికి తోచును. ఆ దేశమున అది కష్టము కాదు. 1850 మొదలు అమెరికా జనాభా లెక్కలలో ప్రతి యింటిలోని ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరు, వయస్సు, పుట్టిన రాష్ట్రము వ్రాసి ఉంచిరి. 1890 నాటి కాగితములు మాత్రము తరువాత అగ్నిప్రమాదమున చాలవరకు నశించినవి. అయోవా రైతు మునిమనుమడు కుర్చీలో కూర్చుండియే ముత్తాతను పట్టుకొనగలడు. అయితే ఆ 1850, 1860 లెక్కలలోనే నల్లజాతి బానిసల పేర్లు వ్రాయక, యజమాని పేరు క్రింద వయస్సును స్త్రీపురుష భేదమును వర్ణమును మాత్రము గీతలుగా గీసి వదలిరి. పేరు వ్రాయించుకొను యోగ్యత ఎవ్వరికి కలదను ప్రశ్న మన దేశమునకు మాత్రమే సొంతము కాదని దీనివలన తెలియుచున్నది.

పదునేడేండ్ల ప్రాయమున ఆ యువకుడు మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు సర్వే బృందమున చేరి, కొన్నేండ్లలో డిప్యూటీ సర్వేయరు పనికి ఎదిగెను. ఆ సర్వే విధమును కొంచెము చెప్పవలెను, ఏలయన దానిలోని పనిముట్టు మన కరణములకును తెలిసినదే. అరువదియారు అడుగుల గొలుసు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. మద్రాసు ప్రభుత్వమువారి సర్వేలో మన పొలములను కొలిచినదియు ఇట్టి గొలుసే. నేటికిని మన రైతు సెంటు అని చెప్పునది వేయి చదరపు లింకులే. అమెరికాలో ఆ గొలుసుతో ఆరు మైళ్లు పొడవు, ఆరు మైళ్లు వెడల్పు గల చదరములుగా ప్రభుత్వ భూములను గీసి, ఒక్కొక్కదానిని ముప్పదియారు ఖండములు చేసి, ఖండమునకు ఆరువందల నలుబది యెకరముల చొప్పున అమ్మిరి. మూలమూలకును పాతిన గుర్తు, దాపుననున్న చెట్టు జాతి, దాని లావు, వాగు వెడల్పు, గొలుసు పట్టినవారి పేర్లు, ఇవన్నియు పొలమున నిలుచుండి వ్రాసిన చిట్టాలలో నేటికిని ఉన్నవి. వానిలో లేనిది ఒకటే: ఆ నేలమీద అంతకు మునుపు బ్రదికిన డకోటా జాతివారు. 1851 నాటి ఒడంబడికలతో వారి భూమి ప్రభుత్వము చేజిక్కెను. వెంటనే గొలుసులు వచ్చినవి. అచ్చట భూమి అంగుళము తప్పక కాగితమున కెక్కెను, మనుష్యులు ఎక్కలేదు. అదే మనిషి తరువాత మన దేశమున పట్టిన పుస్తకమున మనుష్యులు ఎక్కిరి. వారికి భూమి లేదు.

కూడబెట్టిన జీతముతో చదువుకొనుటకై క్లౌ 1857లో అయోవాలోని బర్లింగ్టను నగరపు బాప్టిస్టు విద్యాలయమున చేరెను. గదిలోని సహాధ్యాయి ప్రార్థనలు తనకు విసుగు పుట్టింపగా, ఆతడు సుద్దముక్కతో గది నడుమ గీత గీసి, నీ భక్తి ఆ గీతకు ఆవలనే యుంచుమని చెప్పెనని ఒక కథ ఉన్నది. హద్దు గీయుట వృత్తియైనవానికి తగిన కథయే. ఆ గీత ఎంతోకాలము నిలువలేదు. మరుసటి యేడే ఆతడు బాప్తిస్మము పొందెను. 1861లో హారియట్ సండర్లండ్ అను యువతిని వివాహమాడెను. 1864 నవంబరు 30న బోస్టను రేవున ఓడ యెక్కి, ఆశాంతరీపము చుట్టి, 1865 వేసవిలో మద్రాసున దిగి, నెల్లూరు చేరిరి. 1866 సెప్టెంబరున ఒంగోలున కాపురము పెట్టి, 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో సంఘము స్థాపించిరి.

ఇచ్చట కథ నడిపించినవాడు దొర కాదు. కనిగిరి వైపునగల తాళ్లకొండపాడు వాసి యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద. తోళ్ల వ్యాపారమున దూరప్రయాణములు చేసినవాడు, బండికట్ల వీరమ్మ అను యోగిని శిష్యుడై రాజయోగము అభ్యసించినవాడు, తనకును శిష్యులున్నవాడు. ఆతడు 1866లో బాప్తిస్మము పొందెను. మరుసటి జనవరిలో దొరగారు ఆ యూరికి పోయినప్పుడు ఇరువదియెనమండుగురు సిద్ధముగా నుండిరి. తెల్లదొర బోధకు మైమరచి జనము పరుగెత్తిరను మాట మిషను పత్రికలకు పనికివచ్చినది గాని, జరిగినది వేరు. పేరయ్య మాట అన్నదమ్ములకు, వియ్యాలవారికి, మేనత్తల యూళ్లకు, గురుశిష్య సంబంధమున్నవారికి పోయెను. ఈ ఉద్యమపు పటము గీయవలెనన్నచో రోడ్డు పటము చాలదు, పెండ్లిండ్ల పటము కావలెను. వంశచరిత్ర వ్రాయువానికి ఇంతకంటె విలువైన సంగతి లేదు: ఏ యింటివారు ఏ యూరినుండి పిల్లను తెచ్చుకొనిరో, ఆ యూరిలోనే ఆ యింటివారి పేర్లు రిజిస్టరున వరుసగా వచ్చును.

ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అను మూడు నియమములు వారికి పెట్టిరి. వినుటకు సులువుగా తోచు ఈ మూడును ఊరి కట్టుబాటును మూడు చోట్ల తెంచినవి. గ్రామదేవత జాతరకు డప్పు లేదు. ఆదివారమునాడు వెట్టికి మనిషి లేడు. చచ్చిన గొడ్డును గూర్చిన పాత ఒప్పందము చెదరెను. కరణములు, రెడ్లు ఊరక చూచుచుండలేదు; బావి నీళ్లు మాన్పించిరి, కూలి మాన్పించిరి, వ్యాజ్యములు వేసిరి. ఒంగోలులో అదివరకు దొరగారి బడికి వచ్చుచుండిన పై జాతులవారు, మాదిగలను చేర్చుకొన్నచో మేము రామనిరి. ఆ రాత్రి భార్యాభర్తలు వేర్వేరు గదులలో, ఒకరికొకరు తెలియకయే, బైబిలు తెరచి చూడగా ఇరువురికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన లేఖలోని ఒక్క భాగమే కనబడెనని ఆ దంపతులు చెప్పుకొనుచుండిరి. అద్భుతమో కాదో పాఠకులు తమకు తోచినట్లు నిర్ణయించుకొనవచ్చును. దాని ఫలితము మాత్రము చరిత్ర. హారియట్ అమ్మగారు అటుపిమ్మట ఇరువదియేండ్లకు పైగా మాదిగల పక్షముననే నిలిచిరి.

1876లో వానలు తప్పినవి. ధాత కరువని మనవారు నేటికిని చెప్పుకొను ఆ 1876–78 క్షామమునకు కర్నూలు జిల్లా బలియైనంతగా బహు తక్కువ జిల్లాలు బలియైనవి. 1871కిని 1881కిని నడుమ ఆ జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను. మార్కాపురము, కంభము అప్పటికి ఆ జిల్లాలోనివే. వంశావళులు వ్రాయువారు మన ప్రాంతమున ఏ కులపువారి యింటనైనను 1877 దగ్గర వరుస తెగుట చూడవచ్చును. తాత పేరు తెలియును, ఆతని అన్నదమ్ములేమైరో తెలియదు. ఆ సమయమున ప్రభుత్వము కరువు పనిగా బకింగుహాము కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు తాను నేర్చిన సర్వే విద్యను నమ్మి, సుమారు మూడున్నర మైళ్ల కాలువకు కంట్రాక్టు పుచ్చుకొనెను. మిన్నెసోటాలో నేర్చిన విద్య కృష్ణాతీరమునకు దక్షిణమున మన్ను గోతులు కొలుచుటకు ఉపయోగపడెను. పార చేతబట్టలేనంతగా నీరసించి వచ్చినవారికి పని యిచ్చి, కూలి కొలిచి యిచ్చి, వారి నడుమ తన బోధకులను మేస్త్రీలుగా నియమించెను.

ఆ కాలమంతయు, పదునైదు మాసములు, దొరగారు ఎవ్వరికిని బాప్తిస్మము ఈయలేదు. గింజలకొరకు వచ్చిరను మాట పడుటకు ఆతనికి ఇష్టము లేదు. కరువు పని ముగిసిన పిమ్మట ఒంగోలుకు ఉత్తరముగా, గుండ్లకమ్మ యొడ్డున గల వెల్లంపల్లిలో 1878 జూన్ 16న బాప్తిస్మములు ఆరంభమయ్యెను. జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మంది మునిగిరి. దొరగారు ఆనాడు నీళ్లలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుచు నిలుచుండగా, గట్టున వ్రాతగాండ్రు జాబితా చూచి పేరు పిలుచుచుండగా, పేరు పిలువబడినవాడు దిగుచుండెను. ఈ సంఖ్య ప్రపంచమంతటను అచ్చయ్యెను; ఆ యేటి తుదకు లెక్క తొమ్మిదివేలు దాటెను; ఒంగోలు సంఘము లోకమున మిక్కిలి పెద్ద బాప్టిస్టు సంఘమని చెప్పుకొనిరి. అంకెను అందరును మెచ్చిరి. నాకు మాత్రము ఆ గట్టుమీది జాబితాయే ముఖ్యముగా తోచుచున్నది. తరతరములుగా ఓరీ అని మాత్రమే పిలువబడినవానిని, ఇంటిపేరుతో, ఊరిపేరుతో, పదిమంది వినగా పిలిచి, ఆ పిలిచినదానిని వ్రాసి యుంచిన దినమది.

గుండ్లకమ్మ సంగతి పడమటివారికి చెప్పనక్కరలేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము కడ పుట్టి, జంపలేరుతో కూడి కంభము చెరువు నింపి, మార్కాపురపు పొలముల ప్రక్కగా సాగి, ఒంగోలు దాపున సముద్రమున కలియునది. గజపతుల యాడపడుచు, కృష్ణదేవరాయల దేవేరియైన వరదరాజమ్మ పేరు ఆ చెరువు కట్టతో ముడిపడియున్నది. రాణి పేరు నిలిచినది గాని ఆ కట్టకు మన్ను మోసినవారి పేర్లు ఎవ్వరును వ్రాయలేదు.

ఒంగోలు క్షేత్రము అప్పటికి కంభము, మార్కాపురముల వరకును వ్యాపించియుండెను; ఒక్క దొర గుఱ్ఱము మీదను ఎడ్లబండి మీదను తిరుగుటకు సాధ్యము కాదని దానిని విభజించిరి. 1882 ప్రాంతమున కంభము, 1895లో మార్కాపురము వేరు కేంద్రములైనవి. జాన్ న్యూకంబ్ కంభమునను, సి. ఆర్. మార్ష్ మార్కాపురమునను పని చేసిరి. ఇట్లు పుట్టిన కేంద్రములలో దేని రిజిస్టరు దానిదయ్యెను. కావున గిద్దలూరు వైపు కుటుంబమొకటి తన ముత్తాతను ఒంగోలు పుస్తకమున వెదకి, లేదని నిరాశ పడనక్కరలేదు. 1882కు పూర్వమైనచో ఒంగోలు, తరువాతనైనచో కంభము అని త్రోవ తెలిసికొనవలెను. మరియొక సౌకర్యము కలదు. ఆ కాలపు బోధకులు, సంఘస్థులు అనేకులు తమ తెలుగు పేర్లను మార్చుకొనలేదు. పేరయ్య పేరయ్యగానే, రంగయ్య రంగయ్యగానే ఉండుటచే రిజిస్టరులోని పేరును, ముసలివారి నోటనున్న పేరును పోల్చి చూచుట సులభము.

దొరగారి యింటి కథ త్వరగా చెప్పి ముగింపవచ్చును. హారియట్ అమ్మగారు 1893లో మరణించిరి. మరుసటి యేడు దొరగారు ఎమ్మా రౌషన్‌బుష్ అను విదుషీమణిని వివాహమాడెను. ఈమె జర్మను వంశస్థురాలు. అమెరికాలో క్రైస్తవ సాంఘిక న్యాయవాదమునకు ఆచార్యుడని పేరొందిన వాల్టర్ రౌషన్‌బుష్ ఈమె సోదరుడు. స్విట్జర్లాండునందలి బెర్ను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, స్త్రీల హక్కులకై వ్రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టుపై గ్రంథము ప్రకటించినది. ఇట్టి విద్యావతి ఒంగోలు మాదిగపల్లెలలో కూర్చుండి, పేరయ్య మొదలైన వృద్ధుల నోట వారి బాల్యము, వారి గురువుల చరిత్ర, మాతంగి కథలు, అరుంధతి కథలు విని, 1899లో ఒక పుస్తకముగా వెలువరించెను. చెప్పులు కుట్టుచు చెప్పిన కథలు గనుక దానికి ఆ పేరే పెట్టెను. మిషను అభిమానము అందు లేకపోలేదు. ఐనను తెలుగుదేశమున దళిత కుటుంబముల చరిత్రను వారి నోటినుండియే విని వ్రాసిన తొలి గ్రంథములలో అది యొకటి. దొరగారి ఆత్మకథయు ఆయన చెప్పుచుండగా ఆమె వ్రాసినదే. ఆయన 1910 నవంబరు 24న రోచెస్టరు నగరమున మరణించిన పిమ్మట, 1914లో అచ్చయ్యెను.

క్లౌ కుటుంబమునకు ఎవరైనను వంశవృక్షము గీయదలచినచో జనాభా లెక్కలు, సర్వే చిట్టాలు, విద్యాలయపు దాఖలాలు, బోస్టనులోని మిషను కార్యాలయమునకు వ్రాసిన లేఖలు, అచ్చైన రెండు గ్రంథములు ఉన్నవి. మిషను కాగితములను అమెరికను బాప్టిస్టు చరిత్ర సంఘమువారు అట్లాంటాలో భద్రపరచుచున్నారు. ఆయనచే పేరు వ్రాయించుకొన్నవారి మునిమనుమలకు ఆ భాగ్యము లేదు. వారికి ఉన్నదెల్ల పల్లెలలోని పాత గుడి పెట్టెలలో మిగిలిన రిజిస్టరులు, మరణించిన పంతుళ్ల యిండ్లలోని చిట్టాలు, శిలువ రాళ్లమీది చెరిగిపోవుచున్న తేదీలు. చెదలకు మతభేదము లేదు.

కావున మార్కాపురము, కంభము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతముల సంఘ పెద్దలకును, చదువుకొన్న యువకులకును నా మనవి ఇది. మీ గుడిలో పాత రిజిస్టరు ఉన్నదో లేదో ఈ వారమే పెట్టె తెరచి చూడుడు. ఉన్నచో మొదటి పుట నుండి కడపటి పుటవరకు ఛాయాచిత్రములు తీయించుడు. ఒక ప్రతి మీయొద్ద, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయమున ఉంచుడు. పేరుకు ఎదురుగా ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు, పెండ్లి సంబంధము తెలిసిన ముసలివారు ఇంకను ఉన్నారు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయుడు. పుస్తకము లేని యూరివారు, వియ్యమందిన యూరి పుస్తకమున వెదకుడు. చాలమారులు అచ్చట దొరకును.